పద్దెనిమిదో దెబ్బ

“కొట్టెయ్యి బిడ్డా,” అన్నాడు యాకోబు. “ఒక్కటే గదా మిగిలింది. కొట్టెయ్యి.”

రెబెక్క ఇనుప సుత్తిని ఒళ్ళో పెట్టుకుని, గడప మీద కూర్చుని, వాకిట్లో వేలాడుతున్న రైలు పట్టా ముక్క వైపు చూస్తోంది. ఆరు రోజులుగా ఆ సుత్తిని ఆమె వదల్లేదు. అన్నం తినేటప్పుడు ఎడమ చేతిలో, పడుకునేటప్పుడు తల కింద.

లోపలి అర్రలోంచి మూలుగు వినిపించింది. యాకోబు తల్లి అన్నమ్మది.

“ఇన్నవా?”

“ఇంటున్న నాయినా.”

“ఇంటున్నవా! ఇనుకుంట ఎట్ల కూసున్నవే గట్ల? ఆరు దినాలాయె మీ నాయినమ్మ నోట్లకు మెతుకు పోక. మొన్న కంపౌండరు చెయ్యి పట్టి చూసి ఏమన్నడు? నాడి లేదన్నడు. నాడి లేని మనిషి నొప్పి నొప్పి అని మొత్తుకుంటున్నది. ఆమె పోదామని గుమ్మం దాక వస్తే నువ్వు గుమ్మానికి అడ్డం కూసున్నవ్.”

రెబెక్క నిజంగానే గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. లేచి పక్కకు జరిగింది.

దిల్‌సుఖ్‌నగర్ దాటి మన్సూరాబాద్ పోయే దారిలో, జొన్నచేల మధ్య, యాకోబు ఇంటిని ఆనుకుని ఒకే వాకిలితో ఉన్న చిన్న ప్రార్థన మందిరానికి అసలైన గంట లేదు. అక్కడి నలభై కుటుంబాలకు నేల మీద పట్టా లేదు, గాలిలో మాత్రం పట్టా ఉంది: రెండు గుంజల మీది అడ్డదూలానికి గొలుసుతో కట్టిన మూరెడు రైలు పట్టా ముక్క. అదే వాళ్ళ గంట. గంట గంటకూ మోగే గంట కాదు. ఆదివారం పన్నెండు దెబ్బలు. ఎవరైనా పోతే మాత్రం, పోయినవాళ్ళు ఎన్నేళ్ళు బతికారో అన్ని దెబ్బలు.

ఆ వయసు లెక్క మొదలుపెట్టాల్సింది అన్నమ్మ ఇంటివాళ్ళే. తుర్కయంజాల్ దిక్కు పల్లె నుంచి ఆమె పట్నం వచ్చినప్పుడు నెత్తిన మూట, చేతిలో ఈ విద్య తెచ్చుకుంది. వాళ్ళ చెయ్యి తగిలితే పట్టా మోత అవతలికి కూడా వినిపిస్తుంది. పోతున్న ప్రాణం గుమ్మం దగ్గర ఆగి, తన ఏళ్ళు తాను వింటుంది. ఆఖరి దెబ్బ వినగానే వెళ్ళిపోతుంది. లెక్క వాళ్ళ చేత్తో మొదలైతే చాలు, తర్వాత ఎవరి చెయ్యయినా ఒకటే. పట్టా మోత వినపడే మేర దాటితే లెక్క తెగిపోతుంది, మనిషి కూడా తెగిపోతాడు.

లెక్క మధ్యలో ఆపితే ఏమవుతుందో అన్నమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆపినవాళ్ళు లేరు గనక.

రెబెక్క ఆపింది. ఆరు రోజుల కింద మూసారాంబాగ్ వంతెన దగ్గర తల పగిలిన రామచంద్రాన్ని, ఆమెకు లెక్కలు చెప్పే చంద్రాన్ని, నలుగురు మోసుకొచ్చి మందిరం వరండాలో దించారు. దవాఖానకు పోయే దారిని కర్ఫ్యూ మూసేసింది. యాకోబు మేస్త్రీ పనికి పోయి సరూర్‌నగర్‌లోనే చిక్కుకుపోయాడు. చంద్రం ఊపిరి ఆగిపోతుంటే ఆమె పరుగెత్తి సుత్తి పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. పదిహేడు కొట్టింది. పద్దెనిమిదో దెబ్బకు లేచిన చెయ్యి లేచినట్టే ఆపేసింది.

చంద్రం ఊపిరి తీసుకున్నాడు. ఇప్పటికీ తీసుకుంటున్నాడు, మందిరం పక్కగదిలో, నులకమంచం మీద. కళ్ళు తెరవడు, నీళ్ళు మింగడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు.

గుమ్మం ఒక్కటే. అతను నిలబడి ఉంటే వెనకాల వచ్చినవాళ్ళకు దారి లేదు. వెనకాల మొదట వచ్చింది అన్నమ్మ.

“ఆదివారం గంటెందుకు కొట్టలేదే అంటే కర్ఫ్యూ అన్నవ్,” అన్నాడు యాకోబు. “నమ్మిన. ఇయ్యాల పొద్దుగాల తీతు పెద్ద వచ్చి, యాకోబూ, పదిహేడేండ్ల పీనుగ ఎవరిది, పూడ్చిపెట్టంగ ఎవరూ చూడలే అంటే నాకు అర్థమాయె. నాకు చెప్పకపోతివి.”

“చెప్తే నువ్వే కొట్టేస్తుండె.”

“కొట్టేస్తుంటి.”

“అందుకే చెప్పలే.”

గోడకు ఎవరో బొగ్గుతో రాసిన నినాదం మీద ఎండ పడుతోంది. తెలంగాణ కావాలని లేచిన ఆ ఏడు ఊళ్ళో తెల్లగోడ మిగల్లేదు. బళ్ళు మూతపడ్డాయి, పిల్లలు పలకలు వదిలి గోడల మీద రాతలు నేర్చారు. రెబెక్క కూడా చేలదారిన ఊరేగింపులో నడిచి, గొంతు పోయేలా అరిచి, సాయంత్రం అదే బొంగురు గొంతుతో చంద్రం దగ్గర లెక్కలు చెప్పించుకునేది. చంద్రం ఆంధ్రా వాళ్ళబ్బాయి. “పొద్దున నన్ను పొమ్మంటావు, సాయంత్రం రమ్మంటావు,” అనేవాడు. “మధ్యాహ్నం ఏమంటావో చెబితే భోజనం చేసి వస్తాను.”

ఆమెకు లెక్కలు నేర్పింది అతనే. ఇప్పుడు అతనే లెక్కలో ఆగిపోయాడు.

“గా పోరడు నీకేమైతడు?” అని అడిగాడు యాకోబు, చాలా నెమ్మదిగా.

“నాయినమ్మ నీకేమైతదో నాకు గదే అయితడు.”

యాకోబు చెయ్యి లేచింది. చెంప దాకా రాలేదు. ఇంటామె పోయిన నాటి నుంచి ఆ పిల్లకు అమ్మా తానే, నాన్నా తానే. కొట్టే చెయ్యీ తుడిచే చెయ్యీ ఒకటే అయినవాడికి కొట్టడం చేతకాదు. ఆ చేత్తోనే ముఖం కప్పుకున్నాడు.

“ఆమె నన్ను కన్నది బిడ్డా. కన్నదాన్ని గట్ల ఒదిలిపెట్టి సూసుకుంట ఎట్ల కూసుండాలె?”

ఆ మాటకు జవాబే రెబెక్క ఆరు రోజులుగా వెతుకుతోంది.

నాలుగింటికి కర్ఫ్యూ సడలించారు. ఊరికి దొరికింది రెండు గంటలు.

ఆ రెండు గంటల్లో మొదటి పావుగంటకే మల్లికార్జునరావు, ఇందిరాదేవి చేలగట్టు మీదుగా వచ్చారు. చంద్రం తల్లిదండ్రులు. రోజూ ఈ వేళకు వచ్చి, కొడుకు పక్కన కూర్చుని, ఆరు కొట్టకముందే వెళ్తున్నారు. ఇవాళ మల్లికార్జునరావు చెప్పులు కూడా విప్పలేదు.

“యాకోబూ, విజయవాడ రోడ్డు మీద లారీ ఆగుంది. మావాళ్ళు ఏడెనిమిది కుటుంబాలు కదులుతున్నాం. వీడిని తీసుకెళ్ళిపోతాం.”

“తీసుకపోతరా?” రెబెక్క అతనికి అడ్డం వచ్చింది. “ఎక్కడికి?”

“ఎక్కడికేమిటమ్మాయ్? మా ఊరికి. తెనాలి దగ్గర. అక్కడ మా బావగారి ఆస్పత్రి ఉంది.”

“వద్దు సార్. కదిలిస్తే బతకడు.”

“ఇక్కడుంటే బతుకుతాడా? ఆరు రోజుల్నుంచి చూస్తున్నాను. ఆస్పత్రి దారి ఇంకా తెరవలేదు, మందు లేదు, మాకు లేదు, మీరేవో ప్రార్థనలు చేస్తున్నారు. కాదనను. మా ఇల్లు తగలబెడతామన్నప్పుడు మీ వరండాలో చోటిచ్చారు. చచ్చేదాకా మర్చిపోను. కానీ వీడు నా కొడుకు.”

“పట్టా మోత వినపడేంత దూరంలనే ఉండాలె,” అనేసింది రెబెక్క.

“ఏవిటీ?”

యాకోబు కూతురి వైపు చూశాడు. చెప్పొద్దని ఆ చూపు. చెబితే నమ్మరు. నమ్మితే ఇంకా ప్రమాదం.

“ఏం లేదు సారూ,” అన్నాడు యాకోబు. “పిల్ల పరేషాన్ల ఉన్నది.”

ఇందిరాదేవి అప్పటికే పక్కగదిలో మంచం పక్కన కూర్చుంది. మంచం మీది కొడుకు తలకట్టు సవరిస్తోంది. కట్టు విప్పితే నుదుటి పైన చీలిక. ఆ రోజు వంతెన మీద గుంపు ఒకటి ఆపి, ఎక్కడివాడివని అడిగితే, చంద్రం జేబులోంచి, ఇక్కడివాడేనని చెప్పే ముల్కీ సర్టిఫికెట్టు తీసి చూపించాడు. ఆ ఏడు ముల్కీ అన్న మాటకు ములుకులు మొలిచాయి. తగిలినవాడికీ నెత్తురే, తగలనివాడికీ భయమే. ఇతడు హైదరాబాదులో పుట్టినవాడే అని వాళ్ళు కాగితం చదువుతూ ఉండగానే వెనకనించి వచ్చింది రాయి. కాగితం రాసింది ఒకటి, రాయి రాసింది ఇంకొకటి. రాయి రాతే నిలిచింది.

“మేడమ్, మీరన్న చెప్పుండ్రి,” రెబెక్క ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. “జర ఆగుండ్రి. ఒక్క వారం. పద్దెనిమిదేండ్లకే పోవాల్నా మేడమ్? పందొమ్మిదో ఏడు సూడొద్దా?”

“పద్దెనిమిదేమిటే తల్లీ,” అంది ఇందిరాదేవి, తల ఎత్తకుండానే. “మొన్న వైశాఖానికి ఇరవై నిండాయి వాడికి.”

“ఇందిరా!” అన్నాడు మల్లికార్జునరావు.

వాకిట్లో గొలుసు గాలికి కదిలింది. పట్టా మోగలేదు.

“ఇరువయా?” అంది రెబెక్క.

“అబ్బే, అదేదో తిథుల లెక్క,” మల్లికార్జునరావు అడ్డుపడ్డాడు. “యాభై ఒకటిలో పుట్టాడు వీడు. ఇక్కడే. కాగితం ఉంది.”

“ఏ కాగితమండీ? మీరు రాయించిందేనా?” ఇందిరాదేవి ఇప్పుడు తలెత్తింది. కళ్ళలో నీళ్ళు లేవు, ఎండిపోయి ఉన్నాయి. “ఇంకా ఎవరికి దాస్తారు? చంకలో ఏణ్ణర్ధం పిల్లాణ్ణి వేసుకుని రైలు దిగాను నేను ఈ ఊళ్ళో. ఇక్కడ పుట్టాడంటే ఉద్యోగం వస్తుందని ఊరు మార్చారు. ఊరు మారిస్తే సరిపోదు, మేం వచ్చిన తేదీతో పొసగదని పుట్టిన ఏడు కూడా మార్చారు. వాడి రెండేళ్ళు తినేసింది ఆ కాగితం. ఏం చేసింది చివరికి? రాయి తగిలేదాకా వాణ్ణి అక్కడ నిలబెట్టింది.”

మల్లికార్జునరావు ఏళ్ళ తరబడి ఆఫీసులో ఊరి పుట్టుకలూ చావులూ వరసలో పెట్టిన గుమస్తా. సొంత కొడుకు పుట్టుకను వరస తప్పించాడు.

“నువ్వూ రా,” అన్నాడు చివరికి, భార్యతో. “ఆ డ్రైవరు మీ పుట్టింటివాడు, నా మాట వినడు. మంచం మొయ్యడానికి ఇద్దర్ని పట్టుకొద్దాం. లారీ ఈ గట్ల మీదికి రాదు.”

ఇద్దరూ వెళ్ళారు. ఆమె రెండుసార్లు వెనక్కి చూసింది. అతను ఒక్కసారీ చూడలేదు.

“బిడ్డా.”

లోపలి అర్రలోంచి. ఆరు రోజుల్లో మొదటిసారి అది మూలుగు కాదు, పిలుపు.

రెబెక్క పరుగెత్తింది. వెనకాలే యాకోబు. అన్నమ్మ చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. చర్మం కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి.

“గామె ఏమన్నది? ఇరువయా?”

“ఇరువై నిండినయట నాయినమ్మా.”

“నువ్వెన్ని కొట్టినవ్?”

“పదిహేడు.”

ముసలామె పెదవులు కదిలాయి. అక్షరం రాని మనిషి, వేళ్ళ గణుపుల మీద బొటనవేలితో లెక్కపెట్టుకుంది.

“అయితే నీకాడ మూడున్నయి,” అంది. “ఒకటి నాకియ్యి బిడ్డా.”

రెబెక్కకు అర్థం కాలేదు. యాకోబుకు అర్థమైంది. గోడకు ఆనుకుని నెమ్మదిగా జారి కూర్చున్నాడు.

“గా పిలగాడు గుమ్మంల నిలబడ్డడు. నాకు కనపడుతనే ఉన్నడు. మంచోడు, పాపం, నాకు దారిద్దామని పక్కకు ఒరుగుతడు గని జాగ లేదు. ఇంకో దెబ్బ కొడితే ఒక్క అడుగు ముంగటికేస్తడు. గా అడుగు సందుల నేను పోత. వాడు మళ్ళ ఆగుతడు. ఇంక రెండు ఉంటయి గదా వానికి.”

“కాయితంల పద్దెనిమిదే ఉన్నది నాయినమ్మా.” రెబెక్క చాప పక్కన కూర్చుంది. “చంద్రం కూడా నాకు పద్దెనిమిదనే చెప్పిండు. కాయితం నిజమైతే? ఇదే ఆఖరి దెబ్బ అయితే?”

“నా వయసెంత?”

“అరువై ఒకటి.”

“ఎట్ల తెలుసు?”

“మూసీ తుగ్యానీ వచ్చిన ఏడు పుట్టినవట గదా.”

“మా అవ్వ చెప్పింది. నీళ్ళు ఇండ్లల్లకు వచ్చిన దినాలల్ల నన్ను కన్నది. నాకు కాయితం లేదు, ఎవరన్న తప్పన్నరా?” అన్నమ్మ ఊపిరి కోసం ఆగింది. “కన్నది చెప్పింది నమ్ముతవా, రాసినోడు చెప్పింది నమ్ముతవా? నీ ఇష్టం బిడ్డా. నేను బలిమి చెయ్య. నొప్పి నాది, పిలగాడు నీవాడు.”

పొద్దుటి నుంచి కొట్టు కొట్టు అన్న యాకోబు కూడా ఇప్పుడు ఆ మాట అనలేదు. కూతురి ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు, చివరకు సున్నం మరకలున్న తన అరచేతులు చూసుకున్నాడు.

రెబెక్క వంగి నాయినమ్మ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నుదురు అప్పటికే చల్లగా ఉంది.

“చంద్రానికి కోపమొస్తే చెప్పు, నేనే కొట్టమన్ననని,” అంది అన్నమ్మ. నవ్వబోయింది.

వాకిట్లోకి వచ్చింది రెబెక్క. ఎండ వాలింది. పట్టా మీద పదిహేడు చోట్ల తుప్పు రాలి మెరుపు తేలింది. ఆమె సుత్తి ఎత్తింది. దింపింది. మళ్ళీ ఎత్తింది.

గత వారం ఒక సాయంత్రం బస్టాపు దగ్గర చంద్రం, “నీకో నిజం చెప్పాలి రెబెక్కా, విని నవ్వకూడదు,” అన్నాడు. అంతలో బస్సు వచ్చింది. అతను ఎక్కేశాడు. మెట్టు మీంచి, రేపు, అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ రేపు కర్ఫ్యూ పెట్టారు.

ఇదేనా ఆ నిజం? కాకపోతే?

ఆమె కళ్ళు మూసుకుని కొట్టింది.

ఆ పట్టా మోత ఒక్కసారిగా పోదు. కొట్టినవాళ్ళ పళ్ళలోంచి పాదాల దాకా దిగి, చేల మీదుగా వెళ్ళి, సన్నబడి, నిమిషం సేపు నిలబడుతుంది. ఆ నిమిషం ఉండగానే ఆమె సుత్తి పట్టుకుని పక్కగదిలోకి పరుగెత్తింది.

చంద్రం కళ్ళు తెరిచి ఉన్నాయి.

ఆమె మంచం పట్టె పట్టుకుంది.

“ఎన్నయ్యాయి?” అన్నాడతను. బావిలోంచి వచ్చినట్టుంది గొంతు.

“పద్దెనిమిది.”

“ఇంకా రెండున్నాయి.” అతని పెదవి ఓ పక్కకు కదిలింది. “చెబుదామనుకున్నాను. బస్సు వచ్చింది.”

“చెప్తే నవ్వకపోదునా.”

“నవ్వాల్సింది. బాగుంటుంది నువ్వు నవ్వితే.” మోత సన్నబడుతోంది. అతను ఆదరాబాదరాగా మాట్లాడాడు. “ఎవరో పెద్దావిడ ఇప్పుడే నా పక్కనుంచి వెళ్ళింది. నా తల నిమిరింది. రెబెక్కా, ఇక్కడ నాకు భయంగా లేదు. కానీ నీ వైపు తిరగడం రావట్లేదు. ముందుకే చూపిస్తున్నారు. నా వెనక...”

మోత ఆగిపోయింది. కళ్ళు మూతపడ్డాయి. ఊపిరి మాత్రం మునుపటిలాగే వస్తోంది, పోతోంది.

అవతలి అర్రలోంచి యాకోబు గొంతు, “అవ్వా,” అని ఒక్కసారి వినిపించింది. తర్వాత మూలుగు లేదు. ఆరు రోజులుగా ఆ ఇంట్లో ఉన్న మూలుగు లేకపోయేసరికి ఇల్లంతా పెద్దదైపోయినట్టుంది.

రెబెక్క మంచం పక్కనే కూలబడి ఏడ్చింది. నాయినమ్మ కోసం ఏడుస్తోందో, అతను బతికి ఉన్నందుకు ఏడుస్తోందో విడదీసి లెక్కపెట్టడం ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల వల్ల కాలేదు.

సంఘపెద్ద తీతు మనిషి పొట్టి, గొంతు పొడుగు. రెండు చెవులూ పనిచేయవు గనక లోకానికంతటికీ చెవుడని అనుకుని అరుస్తాడు. కానీ పట్టా మోత చెవులు లేనివాడికి కూడా అరికాళ్ళలో తెలుస్తుంది. తెలిసి వచ్చాడు.

“ఎవరు యాకోబూ? ఎవరు పోయిండ్రు?” అని గట్టు మీంచే కేకేశాడు. లోపలికి వచ్చి చూసి, తలపాగా తీసి, అన్నమ్మ కాళ్ళ దగ్గర కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు.

తర్వాత యాకోబు భుజం మీద చెయ్యి వేశాడు. “లే. మొకం కప్పకముందే లెక్క కొట్టాలె గదా. ఆరయితే మళ్ళ కర్ఫ్యూ. ముప్ఫై ఏండ్లు గీ ఊరి పీనుగులన్నిటికి కొట్టింది మీ అవ్వ. ఆమెకు లేకుంటెట్ల?”

యాకోబు అడ్డంగా తల ఊపాడు.

ఎట్లా చెప్పడం? తల్లికి అరవై ఒక్క దెబ్బలు బాకీ ఉన్నాడు. కానీ పట్టా మీద ఇప్పుడు ఎవరు ఏ దెబ్బ కొట్టినా, మొదటి రెండూ ఆమెవి కావు, చంద్రానివి. మూడో దెబ్బ దాకా అతను ఉండడు.

“కొట్టొద్దు పెద్దా,” అన్నాడు. వినపడలేదు. మళ్ళీ అనబోయాడు. ఏడ్చేశాడు.

తీతు ఆ ముఖం చూశాడు. తల్లి పోయిన కొడుకు ముఖం. చెయ్యి లేవడం లేదు పాపం అనుకున్నాడు. “నువ్వు కూసో కొడుకా,” అన్నాడు ఇల్లదిరేలా, ఎంతో మెత్తగా. “నేను కొడత.”

వాకిట్లో గోడ వారన యాకోబు పనిముట్లు ఉన్నాయి. తాపీ, తూకం గుండు, రాళ్ళు కొట్టే సమ్మెట. రెబెక్క ఆరు రోజులు ఒళ్ళో దాచుకుంది గంట సుత్తినొక్కదాన్నే.

యాకోబు గడప దాటేసరికి తీతు సమ్మెట ఎత్తేశాడు. “ఒకటీ!” అని అరిచాడు.

పట్టా మోగింది.

పక్కగదిలో రెబెక్క ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా చంద్రం కూడా లేచాడు. మంచం మీంచి కాళ్ళు దించాడు. నిలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఆ కళ్ళు ఆమెను చూడడం లేదు. గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

ఆమె అతన్ని పట్టుకోలేదు. పట్టుకోవాల్సింది అతన్ని కాదు. ఒక్క ఉదుటున వాకిట్లోకి పరుగెత్తి, “ఆపు పెద్దా! ఆపు!” అని అరిచింది. తీతు ఆమెకు వీపు పెట్టి రెండో దెబ్బకు సమ్మెట వెనక్కి తీస్తున్నాడు. ఆమె అతని చెయ్యి కింద నుంచి దూరి, ఊగుతున్న పట్టాకు అడ్డం పడింది. సమ్మెట ఆమె భుజాన్ని రాసుకుంటూ దిగి నేల మీద పడింది.

“అయ్యో దేవా! ఏందే పిల్లా!”

సరిగ్గా అప్పుడే చేలగట్టు మీద మల్లికార్జునరావు, ఇందిరాదేవి, వెనకాల మంచం మోయడానికి వచ్చిన ఇద్దరు. అందరూ ఆగిపోయారు. వాళ్ళు చూస్తున్నది రెబెక్కను కాదు, పక్కగది గుమ్మాన్ని.

గుమ్మంలో చంద్రం నిలబడి ఉన్నాడు.

“ఏవండీ!” ఇందిరాదేవి అరుపు చేలు దాటి పోయింది. “లేచాడండీ! మావాడు లేచాడు! నిలబడ్డాడు చూడండి! గంట కొడితే లేచాడండీ!”

ఆమె పరుగెత్తుకొచ్చింది. కొంగు ఎక్కడో కంపకు చిక్కి చిరిగింది. కొడుకు దగ్గరికి పోలేదు. నేరుగా పట్టా దగ్గరికి వచ్చింది.

“కొట్టవయ్యా పెద్దాయనా! ఆపావేం? ఇంకోటి కొట్టు!”

తీతుకు మాటలు వినపడలేదు గాని ఆ చేతుల ఆత్రం తెలిసింది. సమ్మెట కోసం వంగాడు. ఇందిరాదేవే ముందు అందుకుంది.

రెబెక్క పట్టాను రెండు చేతులా గుండెకు హత్తుకుంది. వేడి ఇనుము. దాని మోత ఆమె పక్కటెముకల్లోకి దిగి, అక్కడే తిరిగి తిరిగి, ఆగిపోయింది.

గుమ్మంలో చంద్రం మోకాళ్ళు ముడుచుకున్నాయి. కిందపడుతున్నవాణ్ణి యాకోబు పట్టుకున్నాడు.

ఇందిరాదేవి అటు చూసింది. ఇటు చూసింది. నిమిషం కింద నిలబడ్డ కొడుకు. ఇప్పుడు పడిపోయిన కొడుకు. మధ్యలో పట్టాను కౌగిలించుకుని నోరు నొక్కేసిన పిల్ల.

“నువ్వే,” అంది. “నువ్వే ఆపేశావు.”

“మేడమ్, ఇంక ఒక్కటే ఉన్నది. ఒక్కటే. అది కొడితే...”

“ఒక్కటే చాలు. తప్పుకో.”

“వినుండ్రి మేడమ్, మీరు చెప్పిన ఇరువై అదే...”

“పొద్దున లేస్తే మమ్మల్ని పొమ్మని అరిచిన గొంతు కాదుటే నీది? నా బిడ్డ లేస్తే చూడలేకపోయావుటే?”

ఆ మాటకు రెబెక్క దగ్గర జవాబు ఉంది. చెప్పడానికి ఊపిరి లేదు. చేతులు మాత్రం ఇంకా బిగించింది.

ఇందిరాదేవి ఇరవై ఏళ్ళ కొడుకును కని పెంచిన రెండు చేతులతో సమ్మెట పైకెత్తింది.